రెండు రైళ్లు, ఒక థాంప్సన్

బాన్ఫ్‌లో గోల్ఫ్ మైదానపు నాలుగో టీ మీదికి, అంటే బంతిని మొదట కొట్టే గట్టు మీదికి, ఎక్కినవాళ్లు ముందు కర్ర తీయరు, ఫోను తీస్తారు. తీయక తప్పదు. కాళ్ల కింద పల్లంలో పచ్చటి నీళ్ల మడుగు. మడుగుకి అవతలి గట్టున చిన్న గ్రీన్, దొన్నెలా మధ్యలో లోతుగా, చుట్టూ ఇసుక గుంటలతో ఉంటుంది. దాని వెనక అడవి, అడవి వెనక మౌంట్ రండిల్ అనే రాతి గోడ. సముద్రమట్టానికి మూడు వేల మీటర్లకు కాస్త తక్కువ. ఈ హోల్‌ పేరు ‘డెవిల్స్ కాల్డ్రన్’. దెయ్యం కాగు అనుకోవచ్చు. బంతి వెళ్లాల్సిన దూరం మహా అయితే రెండు వందల గజాలు. మా మేనల్లుడు కొట్టిన మొదటి బంతి కాగులో పడింది. రెండోది కూడా దాన్ని వెతుక్కుంటూ అక్కడికే వెళ్లింది.

“కొండను చూస్తూ కొట్టావురా,” అన్నాను.

“చూడకుండా ఎలా కొడతారు మావయ్యా?” అన్నాడు.

నాకు గోల్ఫ్ రాదు. ఆడేవాళ్ల వెంట నడవడం వచ్చు. 2023 జూన్‌లో కాల్గరీలో ఉన్న మా అక్క కొడుకు దగ్గరికి వెళ్తే వాడొక షరతు పెట్టాడు. కొండలన్నీ చూపిస్తాను, కానీ నా వెంట రెండుచోట్ల పద్దెనిమిదేసి హోళ్లు నడవాలి అన్నాడు. కాల్గరీ తెలుగువాళ్లకు బాన్ఫ్ అంటే వారాంతపు పొరుగూరు. నూట ముప్పై కిలోమీటర్లు, గంటన్నర ప్రయాణం. ఇండియా నుంచి అమ్మానాన్నలు వస్తే చాలు, పులిహోర డబ్బా కారులో పెట్టుకుని, గొండోలా ఎక్కించి, లేక్ లూయీస్ ముందు నిలబెట్టి ఫొటో తీసి, రాత్రికి ఇల్లు చేరుస్తారు. ఆ జాబితాలో గోల్ఫ్ కోర్సు ఉండదు. సీజన్‌లో ఒక్క రౌండుకి రెండు వందల డాలర్లు దాటే చోటు ఏ అమ్మానాన్నల జాబితాలోనూ ఉండదు లెండి.

వాడు చూపించాలనుకున్నవి రెండు. ఒకటి బాన్ఫ్ స్ప్రింగ్స్. రెండోది అక్కడికి ఉత్తరాన దాదాపు 290 కిలోమీటర్ల దూరంలో ఉన్న జాస్పర్ పార్క్ లాడ్జ్. రెండూ కెనడా రాకీ పర్వతాల్లో, జాతీయ పార్కుల హద్దుల లోపల ఉన్నాయి. రెండింటినీ గీసినవాడు స్టాన్లీ థాంప్సన్. రెండింటికీ మధ్య మూడేళ్లే తేడా. అయినా ఒకదానిలో తిరిగి రెండోదానిలో అడుగుపెడితే వేరే మనిషి చేతి పని అనిపిస్తుంది. ఆ తేడా ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలంటే ఆట సంగతి కాసేపు పక్కనపెట్టి రైలెక్కాలి.

కెనడియన్ పసిఫిక్ రైల్వే దేశాన్ని ఈ చివరి నుంచి ఆ చివరికి కలిపింది 1885లో. పట్టాలు వేసిన కూలీలు అంతకు రెండేళ్ల ముందే బాన్ఫ్ దగ్గర వేడినీటి బుగ్గలు కనుక్కున్నారు. రాకీల్లో రైలు నడపడం తలకు మించిన ఖర్చు, పైగా ఎక్కేవాళ్లు తక్కువ. అప్పుడా కంపెనీని నడిపిన విలియం వాన్ హోర్న్, ఈ కొండల్ని మనం ఎగుమతి చేయలేం కాబట్టి జనాన్నే దిగుమతి చేసుకోవాలి అనేవాడని చెబుతారు. 1888లో బో, స్ప్రే నదులు కలిసే చోటు పైన కోటలాంటి హోటల్ లేచింది. అదే బాన్ఫ్ స్ప్రింగ్స్. వచ్చినవాళ్లు వేడినీళ్లలో మునిగారు, గుర్రాలెక్కారు, కొండలెక్కారు. 1911 నాటికి హోటల్ పక్కన తొమ్మిది హోళ్ల గోల్ఫ్ మైదానం కూడా వచ్చింది.

ఉత్తరాన కథ వేరు. ఎల్లోహెడ్ కనుమ గుండా పట్టాలు వేసిన రెండు కంపెనీలు ఒకదాని తర్వాత ఒకటి దివాళా తీశాయి. ప్రభుత్వం వాటిని తన నెత్తికెత్తుకుని కెనడియన్ నేషనల్ రైల్వేస్‌గా మార్చింది. 1922లో దానికి అధ్యక్షుడుగా వచ్చిన సర్ హెన్రీ థార్న్‌టన్ అమెరికాలో పుట్టి, బ్రిటన్‌లో రైళ్లు నడిపి పేరు తెచ్చుకున్నవాడు. పసిఫిక్ వాళ్లకు బాన్ఫ్ ఉంటే నేషనల్ వాళ్లకు జాస్పర్ ఉండాలి. లాక్ బోవేర్ అనే సరస్సు ఒడ్డున 1915లో గుడారాల విడిది ఉండేది. 1922లో అక్కడే దుంగలతో కట్టిన లాడ్జి తెరిచారు. మరి వచ్చిన అతిథి రెండో రోజు ఏం చేయాలి? సరస్సును ఎంతసేపు చూస్తాడు? అందుకని గోల్ఫ్. అందుకు థాంప్సన్.

అప్పటికి థాంప్సన్‌కి ముప్పై ఒకటో ఏడు. 1893లో టొరంటోలో పుట్టాడు. అన్నదమ్ములు అయిదుగురూ గోల్ఫ్ ఆటగాళ్లే, ఊరంతా వాళ్లని చూసి ముక్కున వేలేసుకునేది. మొదటి ప్రపంచయుద్ధంలో ఫిరంగి దళంలో పనిచేసి వచ్చి గోల్ఫ్ కోర్సులు గీయడం మొదలుపెట్టాడు. తర్వాతి రోజుల్లో ప్రపంచమంతా కోర్సులు కట్టిన రాబర్ట్ ట్రెంట్ జోన్స్ తొలినాళ్లలో ఈయన భాగస్వామే. 1947లో అమెరికన్ గోల్ఫ్ కోర్సు రూపశిల్పుల సంఘం పెట్టినప్పుడు వ్యవస్థాపకుల్లో వీళ్లిద్దరూ ఉన్నారు. థాంప్సన్ విస్కీ, సిగారు, సరదా మనిషి. చేతికొచ్చిన డబ్బు చేతిలో నిలవని మనిషి. 1953లో పోయేనాటికి మిగిలింది అప్పులే అంటారు.

జాస్పర్‌లో అతనికి దొరికింది బండరాళ్లు, పైన్ చెట్లు నిండిన నేల. రెండు వందల మంది మనుషులు, యాభై జతల గుర్రాలు ఏడాదిపాటు ఆ నేలను శుభ్రం చేశారని లెక్క చెబుతారు. రాతి మీద గడ్డి మొలవదు కాబట్టి మట్టిని రైలు పెట్టెల్లో తెచ్చి పరిచారు. రైల్వే కంపెనీ యజమాని అయితే ఉండే సౌకర్యం అదీ. 1925లో బ్రిటిష్ ఫీల్డ్ మార్షల్ హేగ్ చేత ప్రారంభం చేయించారు.

ఆ కబురు బాన్ఫ్ చేరింది. అక్కడున్న కోర్సేమీ తీసిపారేసేది కాదు. తొమ్మిది హోళ్లను పద్దెనిమిదిగా పెంచారు, స్కాట్లాండ్ నుంచి వచ్చిన డోనల్డ్ రాస్ అనే గొప్ప రూపశిల్పి చేయి కూడా పడింది. అయినా పొరుగింటి పుల్లకూరకే రుచి. పసిఫిక్ వాళ్లు పోటీ కంపెనీకి పనిచేసిన థాంప్సన్‌నే పిలిపించారు. ఎవరింటి పెళ్లిలోనో భోజనం బాగుందని ఆ వంటాయననే పట్టుకొచ్చి, వాళ్లింట్లో కన్నా నాలుగు రకాలు ఎక్కువ వండమన్నట్టు. 1928లో కొత్త బాన్ఫ్ కోర్సు తెరుచుకుంది. ఖర్చు పది లక్షల డాలర్లు దాటిన మొట్టమొదటి గోల్ఫ్ కోర్సు ఇదేనన్న పేరు అప్పటి నుంచీ ఉంది. ఆ డబ్బు నేటికీ కళ్లకు కనిపిస్తుంది. బంకర్లు అనే ఇసుక గుంటలు గుంపులు గుంపులుగా ఉంటాయి. ఫెయిర్‌వే పక్కన ఎత్తుగా లేచిన ఇసుక అంచులు, కొన్ని అసలు బంతి పోయే దారిలోనే ఉండవు. కొండ అంత పెద్దది కాబట్టి దాని ముందు ఇసుక కూడా పెద్దదిగా ఉండాలన్నది థాంప్సన్ లెక్క.

దెయ్యం కాగు కథ కూడా ఈ కాలానిదే. పని జరుగుతున్న రోజుల్లో, 1927 చలికాలంలో, రండిల్ మీద నుంచి హిమపాతం జారిపడి అడవిని ఊడ్చేసిందని, ఆ చోట ఏర్పడ్డ మడుగును చూసి థాంప్సన్ అప్పటికి గీసుకున్న దారి మార్చుకుని ఈ హోల్ పెట్టాడని చెప్పుకుంటారు. కథలో ఎంత ఉప్పు, ఎంత కారం కలిపారో గానీ నాకది నమ్మబుద్ధేసింది. డబ్బుతో కట్టిన ఆ కోర్సంతటిలో డబ్బు పెట్టకుండా వచ్చిన హోల్ అదొక్కటే. జనం ఫోను తీసేదీ అక్కడే.

మర్నాడు పొద్దున్నే ఉత్తరానికి బయల్దేరాం. బాన్ఫ్ నుంచి జాస్పర్‌కి వెళ్లే ఐస్‌ఫీల్డ్స్ పార్క్‌వే గురించి ఎంత చెప్పినా తక్కువే కాబట్టి రెండే మాటలు. దారి మధ్యలో కొలంబియా మంచుమైదానం ఉంది. అక్కడ కరిగిన నీళ్లు మూడు సముద్రాలకు పోతాయి. అథబాస్కా హిమానీనదం ముందు, ఏ ఏడాదికి మంచు ఎంతవరకు ఉండేదో చూపిస్తూ బోర్డులు పాతారు. బోర్డుకీ బోర్డుకీ మధ్య నడుస్తుంటే ఎవరికీ మాట రాదు. ఆ మంచు దాటితే నదుల మనసు మారుతుంది. బాన్ఫ్ పక్కన పారే బో నది చివరికి హడ్సన్ అఖాతం చేరుతుంది, జాస్పర్ పక్కన పారే అథబాస్కా ఆర్కిటిక్ వైపు పోతుంది.

జాస్పర్ బాన్ఫ్ కన్నా మూడు వందల మీటర్లు పల్లంలో ఉంటుంది. లోయ వెడల్పు. కొండలు మీద పడవు, చుట్టూ కూర్చుని చూస్తుంటాయి. లాడ్జి కూడా కోట కాదు. నేలకు ఆనుకున్న దుంగల ఇళ్లు, మధ్య సరస్సు, పచ్చిక మీద తీరిగ్గా మేస్తున్న ఎల్క్ దుప్పులు. వాటికి ముప్పై మీటర్ల దూరంలో ఉండాలని పార్కు నిబంధన. జూన్‌లో పిల్లల్ని పెట్టుకున్న ఆడ ఎల్క్‌కి ఆ నిబంధన గురించి మనకన్నా బాగా తెలుసు. దారిలో వస్తే మీదికే వస్తుంది. గుడ్ల కోసం వెతికే పెద్ద కాకులు ఫెయిర్‌వే మీద నుంచి బంతుల్ని ఎత్తుకుపోతాయి. మా వాడి బంతి ఒకటి అలాగే పోయింది. స్కోరు కార్డులో దానికి ఏం రాయాలన్న విషయమై వాడికీ వాడి స్నేహితుడికీ ఒక హోల్ పొడుగునా వాదన నడిచింది.

లెక్కల్లో రెండు కోర్సులూ దాదాపు జంటే. రెండింటికీ పార్, అంటే ఆట ముగించాల్సిన దెబ్బల లెక్క, 71. బాన్ఫ్ పొడవు 6,900 గజాల పైన, జాస్పర్ 6,600 గజాల పైన. మొదటి రెండు మూడు హోళ్లలో నాకు తేడా పట్టుబడలేదు. తర్వాత మా వాడు టీ మీద నిలబడి కర్ర ఎత్తే ముందు దేన్ని చూస్తున్నాడో గమనించడం మొదలుపెట్టాను. బాన్ఫ్‌లో వాడు కొండను చూసి, తల దించి, ఫెయిర్‌వేని చూసి కొట్టేవాడు. ఇక్కడ కొండను చూసి కొండకే కొడుతున్నాడు. జాస్పర్‌లో థాంప్సన్ హోల్ తర్వాత హోల్‌ని ఏదో ఒక శిఖరానికి గురిపెట్టి గీశాడు. చెట్ల మధ్య నరికిన దారికి సరిగ్గా అవతల ఒక శిఖరం నిలబడి ఉంటుంది. బంకర్లలో ఇసుకను పైకి లేపి, అంచులను చీలికలుగా వదిలాడు. దూరంగా కొండ మీద కరగకుండా మిగిలిన మంచు చారలు ఎలా ఉంటాయో దగ్గర నేల మీద ఇసుక అలా ఉంటుంది. ఆ పోలిక ఎవరూ చెప్పకపోతే కనిపించదు. ఒకసారి కనిపించాక మరేదీ కనిపించదు.

ఇది అందం కోసమే చేసింది కాదు, అందులో ఒక కొంటెతనం ఉంది. దూరపు కొండలు నునుపంటారు మనవాళ్లు. అక్కడి పలుచటి గాలిలో దూరపు కొండలు దగ్గర కూడా. అంత పెద్ద శిఖరం ఎదురుగా కనిపిస్తుంటే దాని ముందున్న గ్రీన్ కూడా ఇక్కడే ఉన్నట్టుంటుంది. ఎత్తు మీద బంతి ఎక్కువ దూరం పోతుందని ఎవరో చెప్పింది మనసులో ఉంటుంది. చిన్న కర్ర తీస్తారు. బంతి పొట్టిగా పడుతుంది.

ఈ కొంటెతనం ముదిరిన చోటు తొమ్మిదో హోల్. పేరు క్లియోపాత్రా. ఎత్తయిన టీ మీద నుంచి కిందికి 230 గజాల పైచిలుకు, ఎదురుగా తలెత్తిన పిరమిడ్ కొండ. ఈజిప్టు వైపు మనసు పోయేలా పేరు పెట్టడానికి ఆ కొండ ఒక్కటే కారణం కాదు. థాంప్సన్ మొదట కట్టినప్పుడు టీ మీద నుంచి చూస్తే అక్కడి దిబ్బలు, పల్లాలు పడుకున్న ఆడమనిషి ఒంపుల్లా ఉండేవట. సర్ హెన్రీ థార్న్‌టన్ ఆట ఆడుతూ అక్కడికి వచ్చి చూసి మండిపడ్డాడనీ, మార్చి తీరాలన్నాడనీ, థాంప్సన్ దిబ్బల్ని చదును చేశాడనీ కథ. పేరు మాత్రం మార్చలేదు. నేను ఎంత చూసినా ఇప్పుడక్కడ కనిపించేవి ఇసుక, గడ్డి మాత్రమే. సర్కారీ రైల్వే అధ్యక్షుడు చేయించిన పని గట్టిదే.

మా వాడు కొట్టిన బంతి గ్రీన్‌కి ముప్పై గజాల ఇవతల ఆగిపోయింది. నిలబడ్డ నలుగురిలో ముగ్గురివి అంతే.

రెండింటిలో నాకేది నచ్చిందంటే జాస్పరే. బాన్ఫ్ అద్భుతంగానే ఉంటుంది, కానీ అక్కడ ప్రతి అడుగులోనూ పక్కవాడిని మించాలన్న పట్టుదల తెలుస్తుంటుంది. జాస్పర్‌లో ఉన్నది ముప్పై ఏళ్ల కుర్రాడు మొదటిసారి అంత పెద్ద కొండల్ని చూసి సరదా పడటం. గోల్ఫ్ తెలిసినవాళ్లలో చాలామంది బాన్ఫ్‌కే ఓటు వేస్తారు. మా వాడు కూడా అంతే. దారి పొడుగునా పోట్లాడాం.

అయితే బాన్ఫ్‌కి జరిగిన ఒక అన్యాయం గురించి మాత్రం ఇద్దరిదీ ఒకే మాట. థాంప్సన్ గీసినప్పుడు ఆట హోటల్ గుమ్మం ముందే మొదలయ్యేది. మొదటి దెబ్బకే బంతి స్ప్రే నది దాటాలి. నిద్ర లేచి, కాఫీ తాగి, హోటల్ జనమంతా చూస్తుండగా, ఒళ్లు ఇంకా వేడెక్కక ముందే కొండలోయలో నదిని దాటించడం! పద్దెనిమిదో హోల్ మళ్లీ ఆ కోట వైపే తిరిగి వచ్చేది. 1989లో మరో తొమ్మిది హోళ్లు కలిపి, కొత్త క్లబ్‌హౌస్ కట్టి, ఆటను అక్కడి నుంచి మొదలుపెట్టారు. దాంతో పాత ఒకటోది పదిహేనోది అయింది, పాత పద్దెనిమిదోది పద్నాలుగోది అయింది. ఎనిమిదోదిగా, ఆట సగానికి వస్తుండగా ఎదురవ్వాల్సిన దెయ్యం కాగు ఇప్పుడు నాలుగోదిగానే మీద పడుతోంది. ఒక్క హోల్ కూడా చెడగొట్టలేదు. కాకపోతే హరికథలో పట్టాభిషేకం అయ్యాక వనవాసం చెప్పినట్టుంది. జాస్పర్‌ది దీనికి తలకిందులు. అక్కడ కాలక్రమంలో పూడిపోయిన, ఆకారం మారిన బంకర్లను 1990లలో 1925 నాటి రూపానికి తిరిగి తెచ్చారు. క్రమం ఎవరూ ముట్టుకోలేదు.

ఇంతకీ ఆ రెండు రైల్వేల పోటీ ఏమైంది? 1988లో కెనడియన్ పసిఫిక్ హోటళ్ల కంపెనీ కెనడియన్ నేషనల్ హోటళ్లను కొనేసింది. ఇవాళ రెండింటి గుమ్మం మీదా ఫెయిర్‌మాంట్ అన్న ఒకే పేరు ఉంటుంది. ఒకరిని మించాలని ఇంకొకరు లక్షలు పోసిన మైదానాలు ఒకే ఇంటి తోడికోడళ్లయ్యాయి.

ఆ లక్షల వెనక చెమట ఎవరిదన్న ప్రశ్న బాన్ఫ్‌లో కొంచెం కటువుగా ఉంటుంది. మొదటి ప్రపంచయుద్ధంలో కెనడా ప్రభుత్వం ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యం నుంచి వచ్చిన వలసదారులను, ఎక్కువమంది ఉక్రేనియన్లను, శత్రుదేశీయులని పట్టుకుని నిర్బంధ శిబిరాల్లో పెట్టింది. బాన్ఫ్ పార్కులోని శిబిరంలో ఉన్నవాళ్ల చేత రోడ్లు వేయించారు, అడవి కొట్టించారు. గోల్ఫ్ కోర్సు విస్తరణ కూడా ఆ పనుల్లో ఒకటి. అంతా థాంప్సన్ రాకకు పదేళ్ల ముందు మాట. జాస్పర్ లోయకూ ఇలాంటి గతమే ఉంది. 1907లో పార్కు ఏర్పడ్డాక అక్కడ తరాలుగా వ్యవసాయం చేసుకుంటున్న మెటీ కుటుంబాలను (ఆదివాసీ, ఐరోపా సంతతులు కలిసినవాళ్లు) ఖాళీ చేయించారు. అతిథికి ‘చెక్కుచెదరని ప్రకృతి’ చూపించాలంటే అందులో ఇళ్లు ఉండకూడదు కదా! బాన్ఫ్‌లో నిర్బంధితుల చరిత్ర చెప్పే ప్రదర్శన కేవ్ అండ్ బేసిన్ బుగ్గల దగ్గర ఉంది. హోటల్‌కి అరగంట నడక. మేం వెళ్లేసరికి అందులో మేమిద్దరమే.

మేం వచ్చేసిన ఏడాదికి, 2024 జూలైలో, జాస్పర్ అడవి తగలబడింది. 22వ తేదీ రాత్రి ఊరివాళ్లు, పర్యాటకులు కలిపి పాతిక వేల మందిని ఖాళీ చేయించారు. 24న మంట ఊళ్లోకి వచ్చింది. 358 కట్టడాలు బూడిదయ్యాయి, అంటే ఊళ్లో దాదాపు మూడో వంతు. లాడ్జి ప్రధాన భవనం నిలిచింది, చుట్టుపక్కల కొన్ని కట్టడాలు దెబ్బతిన్నాయి. 1952లో ఇదే లాడ్జి పాత దుంగల భవనం కాలిపోతే ఏడాదిలో మళ్లీ కట్టుకున్నారు. 2025 వేసవిలో గోల్ఫ్ మళ్లీ మొదలైంది.

మా వాడు వెళ్లాడు. రాత్రి పదింటికి కూడా వెలుతురు పోని రోజుల్లో, ఆట ముగించుకుని అక్కడి నుంచే ఫోన్ చేశాడు. ఇక్కడ తెల్లారి మొదటి కాఫీ వేళ. కొండవాలుల మీద చెట్లు అగ్గిపుల్లల్లా నల్లగా నిలబడ్డాయన్నాడు. ఇదివరకు కనిపించని గుట్టలు, రాళ్లు ఇప్పుడు టీ మీదికి కనిపిస్తున్నాయన్నాడు. నల్లటి మానుల మధ్య నేలంతా గులాబీరంగు పూలట, కాలిన చోట బాగా పూస్తాయట.

“తొమ్మిదోది?” అన్నాను.

“రెండేళ్లు దాన్ని గుర్తుపెట్టుకుని ఈసారి పెద్ద కర్ర తీశాను మావయ్యా.”

“తీస్తే?”

“మళ్లీ పొట్టే.”